ఎండకీ వడ్డీ ఉంది

ఈ వారం విద్యుత్తు చరిత్రలోంచి ఒక చిన్న ముక్క చెబుదామనుకుంటున్నాను. చిన్న ముక్క అని ఊరికే అనడం లేదు. మనం మాట్లాడుకోబోయే వస్తువు మందం తలవెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు.

ఈమధ్య స్లౌలోనే ఒక తెలుగువారింటికి భోజనానికి వెళ్ళాను. వాళ్ళది కర్నూలు వైపు. పదేళ్ళ పిల్లవాడు వేసవి సెలవుల్లో తాతగారి ఊరు వెళ్ళొచ్చాడు. కర్నూలు నుంచి నంద్యాల వెళ్ళే దారిలో తాతయ్య సోలార్ పార్కు చూపించారట. "అంకుల్, అవి నీలంగా ఎందుకుంటాయి?" అని అడిగాడు. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి రెండో ప్రశ్న వేశాడు. "ఎండ ఊరికే వస్తుంది కదా, మరి తాతయ్య కరెంటు బిల్లు ఎందుకు కడుతున్నారు?"

ఇంజనీర్లం కదా అని మొదటిదానికి గబగబా జవాబు చెప్పేశాను. రెండోదానికి నీళ్ళు నమిలాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే రెండింటినీ విడదీసి చెప్పడం కుదరదని అర్థమయింది. ఆ పిల్లవాడికి అప్పుడు చెప్పలేకపోయినది ఇప్పుడు మీకు చెబుతాను.

స్లౌలో కూర్చుని మాట్లాడుతున్నాం కాబట్టి మన ఊరితోనే మొదలుపెడదాం. హెర్షెల్ పార్కు, హెర్షెల్ స్ట్రీట్ పేర్లు రోజూ వింటుంటాం. ఆ హెర్షెల్ జర్మనీలోని హానోవర్‌లో పుట్టి, పొట్ట చేతపట్టుకుని ఇంగ్లండు వచ్చిన సంగీతకారుడు. అంటే మనలాంటి వలసజీవే. 1781లో బాత్ నగరంలో ఉండగా యురేనస్ గ్రహాన్ని కనిపెట్టాడు. 1786లో స్లౌ వచ్చి, 1822లో పోయేదాకా ఇక్కడే ఉన్నాడు. ఆయన ఇల్లు అబ్జర్వేటరీ హౌస్‌ని 1960లలో కూల్చేశారు. సమాధి మాత్రం అప్టన్‌లోని సెయింట్ లారెన్స్ చర్చిలో ఉంది.

ఆ ఇంట్లో 1800వ సంవత్సరంలో ఒక ప్రయోగం జరిగింది. సూర్యుణ్ణి దూరదర్శినిలో చూడడానికి హెర్షెల్ రంగురంగుల అద్దాలు అడ్డం పెట్టుకునేవాడు. కొన్ని అద్దాల్లోంచి వెలుగు తక్కువ వచ్చినా కంటికి సెగ తగిలేది. కొన్నిటిలో అందుకు తలకిందులు. ఏ రంగుకి ఎంత వేడి ఉందో తేల్చుకుందామని పట్టకంతో ఎండని రంగులుగా విడగొట్టి, ఒక్కో రంగు దగ్గరా ఉష్ణమాపకం పెట్టి చూశాడు. ఎరుపు దాటిన తరువాత, కంటికి ఏ రంగూ కనపడని చోట పాదరసం ఇంకా పైకెక్కింది. మనం పరారుణ కిరణాలు అని చదువుకున్నవి అవే. ఎరుపు సుమారు 700 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఇవాళ్టి సిలికాన్ ఘటం సుమారు 1100 నానోమీటర్ల దాకా వెలుగుని కరెంటుగా మార్చగలదు. అంటే రాయలసీమ ఎండలో ప్యానెల్ పట్టుకునే దాంట్లో మంచి భాగం, స్లౌలో ఉష్ణమాపకంతో బయటపడిన ఆ కనపడని వెలుగే.

హెర్షెల్‌కి ఇంకో బాధ కూడా ఉండేది. ఆయన దూరదర్శినుల్లో అద్దాలు గాజువి కావు. రాగి, తగరం కలిపి పోతపోసి నునుపు చేసినవి. మన కంచుకి దగ్గరి చుట్టం ఆ లోహం. కంచు గిన్నె నాలుగు రోజులు తోమకపోతే ఏమవుతుందో మన ఇళ్ళల్లో చెప్పక్కరలేదు. ఆయన అద్దాలకీ అదే గతి. 1789లో పూర్తయిన ప్రసిద్ధమైన నలభై అడుగుల దూరదర్శిని అద్దం కూడా చిలుము పట్టి మసకబారేది. దాన్ని దింపి మళ్ళీ నునుపు చేయడం పెద్ద యజ్ఞం. పైన పట్టే పలుచని పొర ఆయనకి శత్రువు.

అదే పొర మిత్రుడు కూడా కాగలదని తెలియడానికి ఇంకో తొంభై ఏళ్ళు పట్టింది. 1886లో లార్డ్ రేలీ ఒక విచిత్రం గమనించాడు. పాతబడి కాస్త మసకబారిన గాజు, కొత్త గాజుకన్నా ఎక్కువ వెలుగుని లోపలికి పోనిస్తోంది. 1890లలో యార్క్‌లో కటకాలు తయారుచేసే డెన్నిస్ టేలర్ అనే ఆయన కూడా అదే చూశాడు. వాడకంలో పైన పొర పట్టిన కటకం కొత్తదానికన్నా మెరుగ్గా పనిచేస్తోంది. గాజుని రసాయనాలతో కావాలనే అలా 'ముసలిదాన్ని' చేసే పద్ధతికి ఆయన 1904లో పేటెంటు తీసుకున్నాడు. 1935లో జర్మనీలో జైస్ కంపెనీలో స్మకులా, గాలి తీసేసిన గదిలో కటకం మీద పొరని పేర్చే పద్ధతి కనిపెట్టాడు. మీ కళ్ళజోడు మీద కాస్త ఊదాగా మెరిసే పూత ఆ వంశానిదే.

ఇందులో కిటుకు ఏమిటంటారా? వానపడ్డ రోడ్డు మీద పెట్రోలు చుక్క పడితే రంగులు కనిపిస్తాయి చూడండి, అదే. పొర పైఅంచు మీద కొంత వెలుగు వెనక్కి తిరుగుతుంది, అడుగున ఇంకొంత తిరుగుతుంది. పొర మందం సరిగ్గా కుదిరితే ఒక అల పైకి లేచేటప్పుడు రెండోది కిందికి దిగుతూ ఉంటుంది. రెండూ కొట్టుకుపోతాయి. వెనక్కి పోయే దారి మూసుకుపోయింది కనుక ఆ వెలుగు లోపలికి వెళుతుంది.

గాజు ఒక్కో ముఖం దగ్గర నూటికి నాలుగు వంతులే వెలుగుని తిప్పికొడుతుంది. నునుపు చేసిన సిలికాన్ మూడో వంతుకి పైగా తిప్పికొడుతుంది. కరెంటు తయారుచేయాల్సిన వస్తువు అద్దంలా మెరుస్తూ కూర్చుంటే ఎలా? అందుకని మొదట రసాయనాలతో దాని ముఖాన్ని గరుకు చేసి, కంటికి కనపడని చిన్నచిన్న గోపురాలు లేపుతారు. దాంతో నష్టం నూటికి పది పన్నెండుకి దిగుతుంది. ఆ పైన సిలికాన్ నైట్రైడ్ పొర వేస్తే రెండు మూడుకి వస్తుంది. గాలి వక్రీభవన గుణకం 1, సిలికాన్‌ది సుమారు 4. నడిమధ్య నిలబడాల్సిన పొరకి 2 ఉంటే సరిగ్గా సరిపోతుంది. నైట్రైడ్‌ది 2. ఎండలో బలం ఎక్కువగా ఉండే 600 నానోమీటర్ల వెలుగుని పట్టాలంటే, దాన్ని నాలుగుతో, మళ్ళీ రెండుతో భాగించండి. 75 నానోమీటర్లు. అదీ పొర మందం. ఈ పొర నారింజ, ఎరుపు వెలుగుల్ని లోపలికి బాగా పోనిస్తుంది. నీలం మాత్రం కాస్త తప్పించుకుని వెనక్కి వచ్చి మన కంటిలో పడుతుంది. పిల్లవాడి మొదటి ప్రశ్నకి జవాబు ఇదే. ఇంకా నల్లగా ఉన్న ప్యానెళ్ళు మన కప్పుల మీద వచ్చాయంటే, తప్పించుకునేది ఇంకా తగ్గిందన్నమాట.

ఈ పొర రోధకం, అంటే తన గుండా కరెంటుని పోనివ్వని పదార్థం. కరెంటు పుట్టించే యంత్రానికి కరెంటు పారని దుప్పటి కప్పడం వింతే. తయారీ కూడా వింతగానే ఉంటుంది. గాలి తీసేసిన పెట్టెలో సిలికాన్ బిళ్ళల్ని పేర్చి, సుమారు 400 డిగ్రీల దాకా వేడిచేసి, సైలేన్, అమోనియా వాయువుల్ని వదిలి, మధ్యలో విద్యుత్తుతో ట్యూబులైటులా వెలిగిస్తారు. వాయువులు విడిపోయి బిళ్ళ మీద పొరగా కూర్చుంటాయి. సైలేన్ గాలి తగిలితే తనంతట తానే అంటుకుంటుంది కనుక అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తారు.

నేను కొన్నాళ్ళు అలాంటి చోట పనిచేశాను. ఎక్కడో చెప్పను. ఒకరోజు పెట్టె తెరిస్తే బిళ్ళలన్నీ నీలానికి బదులు ఊదారంగులో బయటికొచ్చాయి. వాయువు కొలిచే పరికరం తప్పు చెబుతోంది, మేం రెండు గంటలు గమనించలేదు. మందం పదిహేను నానోమీటర్లు తగ్గింది, అంతే. మా పెద్దాయన కొలత పరికరం కూడా తీయకుండా కంటితో చూసి "ఇవి పనికిరావు" అనేశాడు. వెంట్రుక మందంలో అయిదు వేలో వంతు తప్పుకి ఇంత రాద్ధాంతమా అని అప్పట్లో నాకు అనిపించింది. ఎందుకో తరువాత లెక్కలు వేస్తే గానీ తెలియలేదు.

ఆ లెక్కకి ముందు ఇంకొక్క మాట. ఈ పొర వెలుగుని లోపలికి పంపడంతో ఆగదు. సిలికాన్ ముఖం మీద తెగిపోయిన బంధాలు ఉంటాయి. పుట్టిన ఎలక్ట్రాన్లు అక్కడ చిక్కుకుని వృథా అవుతాయి. నైట్రైడ్ పొరలో మిగిలే హైడ్రోజన్ ఆ గాయాల్ని మాన్పుతుంది. 1981లో జర్మనీలో హెట్సెల్, షోర్నర్ అనే ఇద్దరు ఈ పొర సౌర ఘటాలకి పనికొస్తుందని చూపించారు. 1989లో ఆస్ట్రేలియాలో మార్టిన్ గ్రీన్ బృందం ఘటం వెనకవైపు కూడా రోధకం పొర వేసి, పడిన ఎండలో నూటికి 22.8 వంతులు కరెంటుగా మార్చింది. 1954లో బెల్ ల్యాబ్స్ వాళ్ళ మొదటి సిలికాన్ ఘటం మార్చింది 6 వంతులు. గ్రీన్ బృందం పద్ధతి ఫ్యాక్టరీల్లో మామూలయ్యేసరికి పాతికేళ్ళు దాటింది.

ఇక డబ్బు సంగతి. మన ఊరి ట్రేడింగ్ ఎస్టేట్ చూడండి. మొదటి ప్రపంచయుద్ధం చివర సైన్యం బళ్ళు బాగుచేసే డిపోగా మొదలై, 1920లో ప్రైవేటు కంపెనీ చేతికి వచ్చింది. ఫ్యాక్టరీలకి కరెంటు, ఆవిరి ఇవ్వడానికి ఎస్టేటుకి సొంత పవర్ స్టేషన్ ఉండేది. మొదట బొగ్గు. బొగ్గు కొనాలి, ధర పెరిగితే యూనిట్ ధర పెరుగుతుంది, కొనడం ఆపితే పొయ్యి ఆరుతుంది. తరువాత చెక్క తుక్కు, కాగితం తుక్కు వచ్చాయి. 2008లో ఎస్ఎస్ఈ కంపెనీ దాన్ని కొనుక్కుంది. 2024లో అదే చోట చెత్త నుంచి చేసిన ఇంధనంతో నడిచే సుమారు 50 మెగావాట్ల కొత్త కేంద్రం పని మొదలుపెట్టింది. చెత్త కేంద్రాల పద్ధతి ఇంకో రకం. మామూలుగా చెత్త తీసుకున్నందుకు వాళ్ళకే ఎదురు డబ్బిస్తారు.

కొనే ఇంధనం ఒకటి, ఎదురు డబ్బొచ్చే ఇంధనం ఇంకొకటి. మూడోది ఎండ. దానికి కొనుగోలూ లేదు, అమ్మకమూ లేదు. మరి ఖర్చెక్కడ? మొత్తం మొదటి రోజే. ప్యానెళ్ళు, ఇనుము, తీగలు, కూలి అన్నీ ముందే పెట్టాలి. ఆ డబ్బులో ఎక్కువభాగం అప్పు. కాబట్టి సోలార్ కరెంటు ధరలో మనం కట్టేది ముఖ్యంగా అప్పు వాయిదా.

ఒక లెక్క వేద్దాం. సంఖ్యలు గుండ్రంగా ఉండేలా నేను తీసుకున్నవి. ఒక మెగావాటుకి 5 కోట్ల రూపాయలు ఖర్చు, ఏడాదికి 20 లక్షల యూనిట్లు, పాతికేళ్ళ జీవితం అనుకోండి. వడ్డీయే లేకపోతే యూనిట్ ఒక్క రూపాయి. మన ఊళ్ళలో నూటికి నెలకి ముప్పావలా వడ్డీ అంటాం, అంటే ఏడాదికి 9 శాతం. ఆ వడ్డీకి డబ్బు తెచ్చి పాతికేళ్ళు సమాన వాయిదాల్లో తీరిస్తే యూనిట్ సుమారు 2 రూపాయల 55 పైసలు. అర్ధరూపాయి వడ్డీకి దొరికితే 1.96. రూపాయి వడ్డీ అయితే 3.19. నిర్వహణ, రాత్రి కరెంటు నిలవ ఖర్చు ఇందులో కలపలేదు.

ఇప్పుడు మన నీలం పొర తీసేసి చూడండి. ఎండలో పదో వంతు వెనక్కి పోయిందనుకుందాం. 20 లక్షల యూనిట్లు 18 లక్షలవుతాయి. అప్పు మాత్రం పైసా తగ్గదు. ముప్పావలా వడ్డీకి యూనిట్ 2.83 అవుతుంది. అంటే ఆ పొర విలువ యూనిట్‌కి 28 పైసలు. వెయ్యి మెగావాట్ల పార్కులో ఈ లెక్కన ఏడాదికి 56 కోట్ల రూపాయలు. మా పెద్దాయన ఊదారంగు చూసి ఎందుకు తల కొట్టుకున్నాడో నాకు అప్పుడు అర్థమయింది.

అయితే అదే లెక్కని ఇంకోసారి చూడండి. వడ్డీ ముప్పావలా నుంచి రూపాయికి పెరిగితే యూనిట్‌కి 64 పైసలు పెరుగుతుంది. రేలీ నుంచి గ్రీన్ దాకా నూరేళ్ళ తెలివి సంపాదించిపెట్టిన 28 పైసల్నీ ఒక్క పావలా వడ్డీ రెండుసార్లు తినేస్తుంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదే.

ఇది కాగితం మీద లెక్కే కదా అనుకోకండి. కర్నూలు పార్కు కథ చూద్దాం. గని, శకునాల గ్రామాల దగ్గర సుమారు 5,900 ఎకరాల్లో 1000 మెగావాట్లు. 2015 నవంబరులో 500 మెగావాట్లకి ఎన్‌టీపీసీ వేలం పెడితే అమెరికా కంపెనీ సన్ఎడిసన్ యూనిట్ 4 రూపాయల 63 పైసలకి పాడుకుంది. అప్పటికి దేశంలో అదే అతి తక్కువ ధర. అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆర్నెల్లు తిరక్కుండా 2016 ఏప్రిల్లో ఆ కంపెనీ దివాలా తీసింది. ప్యానెళ్ళు చెడిపోయి కాదు, నెత్తి మీద అప్పు మోయలేక. దాని వాటాని హైదరాబాదు కంపెనీ గ్రీన్‌కో తీసుకుంది. ఆ గ్రీన్‌కో మొదట్లో పెట్టుబడి వెతుక్కుంటూ వచ్చింది మన లండన్‌కే. 2007లో ఇక్కడి ఎయిమ్ మార్కెట్లో షేర్లు పెట్టింది. 2017 మార్చి నాటికి పార్కు పూర్తయింది.

ఆ లోపే ధరలు జారిపోయాయి. 2017 ఏప్రిల్లో కడప వేలంలో 3.15, మే నెలలో రాజస్థాన్‌లో 2.44. నాలుగు రూపాయల పైన పాతికేళ్ళకి సంతకాలు పెట్టిన డిస్కంల పరిస్థితి ఎలా ఉంటుందో, మార్ట్‌గేజ్ ఎక్కువ రేటుకి ఫిక్స్ చేసుకున్నాక రేట్లు పడిపోయినవాళ్ళకి చెప్పక్కరలేదు. 2019 జులైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గాలి, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలు తిరిగి మాట్లాడడానికి సంఘం వేసింది. 2.43, 2.44కి తగ్గించమన్నారు. కంపెనీలు హైకోర్టుకి వెళ్ళాయి. కోర్టు మొదట ఆ తక్కువ ధరలకే తాత్కాలికంగా చెల్లించమంది. చివరికి 2022 మార్చిలో ఒప్పందంలో ఉన్న ధరే ఇవ్వాలని, బకాయిలు ఆరు వారాల్లో కట్టాలని తీర్పు ఇచ్చింది.

ప్రభుత్వం బాధలో అర్థం లేదనను. డిస్కం నష్టం చివరికి పడేది బిల్లు కట్టే తాతగారి మీదే. మార్కెట్లో రెండున్నరకి దొరికేది నాలుగున్నరకి ఎందుకు కొనాలని ఎవరైనా అడుగుతారు. కానీ అప్పిచ్చేవాడు కూడా చూస్తూ ఉంటాడు. సంతకం పెట్టిన ధర రెండేళ్ళకి మారొచ్చు అనుకుంటే, తరువాతి ప్రాజెక్టుకి అతను ముప్పావలా అడగడు, రూపాయి అడుగుతాడు. ఆ అరవై నాలుగు పైసలు కూడా తాతగారి బిల్లులోకే వస్తాయి. బిల్లులో ఆ పేరుతో వేరే వరస మాత్రం ఉండదు.

ఇక్కడివాళ్ళంతా ధర్మరాజులని చెప్పడం లేదు. 2010 ఏప్రిల్లో బ్రిటిష్ ప్రభుత్వం ఇంటి కప్పు మీద సోలార్ పెట్టుకుంటే యూనిట్‌కి 41.3 పెన్నీలు పాతికేళ్ళ పాటు ఇస్తామంది. జనం ఎగబడ్డారు, ప్యానెళ్ళ ధర పడింది. 2011 చివర, ప్రజాభిప్రాయానికి ఇచ్చిన గడువు ఇంకా ముగియకముందే, ఫలానా తేదీ తరువాత పెట్టినవారికి సగమే అన్నారు. ఆ పద్ధతి చెల్లదని హైకోర్టు, ఆ తరువాత 2012 జనవరిలో అప్పీలు కోర్టు చెప్పాయి. కొత్తవారికి రేటు తగ్గించడం ప్రభుత్వం హక్కే. ముందు మాట ఇచ్చి, పని జరిగాక వెనక్కి వెళ్ళి మార్చడమే తప్పయింది. అమరావతికీ లండన్‌కీ తగాదా ఒకటే.

మన ఊళ్ళో ఈ విషయానికి ఇప్పుడు ఇంకా బరువు పెరిగింది. స్లౌ ఎస్టేటు నిండా డేటా సెంటర్లే. వాటి ఆకలి ఎంతంటే, పడమటి లండన్‌లో కొన్నిచోట్ల కొత్త ఇళ్ళ సముదాయాలకి 2035 దాకా పూర్తి కరెంటు కనెక్షన్ దొరక్కపోవచ్చని 2022లో చెప్పారు. ఎవరో ఎక్కడో కొత్త కరెంటు కేంద్రాలు కట్టాలి. వాటికి అప్పు చేయాలి. ఆ అప్పుకి వడ్డీ ఎంతో, ఇచ్చిన మాట ఎంత గట్టిదో చూసి నిర్ణయమవుతుంది.

ఆ పిల్లవాడికి ఇలా చెబుదామనుకుంటున్నాను. నాన్నా, ఎండ ఊరికే వస్తుంది. దాన్ని పట్టే పళ్ళెం అప్పు మీద వస్తుంది. ఆ పళ్ళెం మీద నీలం పూత ఎండ వెనక్కి పోకుండా ఆపుతుంది. పెద్దవాళ్ళు మాట వెనక్కి తీసుకోకుండా ఆపే పూత మాత్రం ఏ పెట్టెలోనూ తయారుకాదు. తాతయ్య కట్టే బిల్లులో ఆ రెండూ ఉన్నాయి.

ఇక మీరు. మీ కప్పు మీద ప్యానెళ్ళు పెట్టించుకునేటప్పుడు సామర్థ్యం ఎంత అని అందరూ అడుగుతారు. డబ్బు ఎంత వడ్డీకి తెస్తున్నాం, మిగిలిన కరెంటు కొంటామన్న ధర ఎన్నాళ్ళు నిలుస్తుంది అని కూడా అడగండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. సెలవు.